లెవీ గల్లా, పల్టన్ల చిన్నతాత

ఇయ్యాల మనం ఐకేపీ సెంటర్ల వడ్లు పోసి, కాంటా ఎప్పుడైతదా అని రోజుల తరబడి కావలి కాస్తున్నం. సర్కారు కొంటే చాలు మనకు. ఎనభై ఏండ్ల కింద ఇదే వరంగల్ జిల్లాల, సర్కారోళ్లు వస్తున్నరంటే మా ఇంటోళ్లు వడ్లు పాతర్ల దాచిండ్రు.

అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. యుద్ధం 1939ల మొదలైనా మన పల్లెలకు గట్టిగ తగిలింది 1942 నుంచి. జపానోళ్లు బర్మాను పట్టుకున్నరు, అక్కడి బియ్యం రాకడ బందైంది. 1943ల బెంగాల్‌ల లక్షల మంది ఆకలికి సచ్చిపోయిండ్రు. ఇక్కడ నిజాం సర్కారు లెవీ పెట్టింది. ఎన్నెకరాలుంటే అంత లెక్కన గల్లా కొలువాలె, ధర సర్కారు చెప్పిందే. లెక్క రాసేది పటేల్, పట్వారీలు. వాళ్లు దేశ్‌ముఖుల గాదెల జోలికి పోతరా? పెద్దోళ్ల గింజలు నల్లబజారుకు పోయినయి, చిన్న రైతు తిండిగింజలు సుత కొలిచిండు.

ఆ రోజుల్ల గట్క, అంబలే తిన్నమని మా నాయనమ్మ చెప్పేది. గ్యాసునూనె దొరకక పొద్దుగూకకముందే బువ్వ తినుడు. బట్ట కంట్రోల్, చక్కెర కంట్రోల్. మనం ఇప్పటికీ రేషన్ షాపును కంట్రోల్ దుకాణం అంటం సూడుండ్రి, ఆ మాట ఆ యుద్ధం నాటిదే.

మా చిన్నతాత నిజాం పల్టన్ల సిపాయి. 1941 డిసెంబర్ 8న జపాన్ సేనలు మలయాల కోటబారు దగ్గర దిగినయి. అక్కడ విమానాల మైదానానికి కావలి ఉన్నోళ్లల్ల హైదరాబాద్ పల్టన్ ఒకటి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. మన దేశపు సిపాయిలు వేల మంది ఖైదీలైండ్రు, వాళ్లల్ల చిన్నతాత ఒకడు. మూడేండ్లు ఇంటికి ఉత్తరం లేదు. ఉన్నడో పోయిండో తెల్వదు. గని ఆయన పాలు రెండెకరాల మీద లెవీ మాత్రం ఏటా రాసిండ్రు. సర్కారు కోసం కొట్లాడబోయి ఖైదైనోని భూమి కూడా లెక్కల్నే ఉన్నది!

యుద్ధమైనంక తిరిగొచ్చిండు. జపానోళ్ల సంగతి అడిగితే మాట్లాడకపోయేది. రెండెకరాల సంగతి తెలిసినప్పుడు మాత్రం పట్వారీ ఇంటి ముంగట నిలవడి అరిచిండట.

అప్పటికే ఊళ్లల్ల సంఘం నడుస్తున్నది. 1946 జులై 4న కడివెండిల దొడ్డి కొమురయ్యను కాల్చి చంపిండ్రు. ఆ పోరాటానికి వెట్టి ఎంత కారణమో లెవీ గూడ అంత కారణం. పుస్తకాలల్ల వెట్టి గురించే ఎక్కువ రాస్తరు.

ఎవరింట్లనన్న ఆ కాలపు లెవీ రసీదు ఉంటే ఫోటో పెట్టుండ్రి. మాది చెదలు తిన్నది.