చిక్కబళ్ళాపురం చెరువులు, నీరుగంటి కాపుదల

2007లో కోలారు నుండి విడివడిన చిక్కబళ్ళాపురం జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేకపోవడంతో, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల సేద్యమూ, చేపల మనుగడా గొలుసుకట్టు చెరువులపైనే, అనగా ఒకదాని అలుగు నీరు దిగువదానికి చేరే చెరువుల వరుసపైనే, ఆధారపడ్డాయి. చెరువు కట్టించినవారికి, మరమ్మతు చేసినవారికి ఇచ్చిన మాన్యాన్ని కన్నడ శాసనాలు ‘కట్టుకొడిగె’ అన్నాయి. తూము తెరిచి మూసి, నీటిని వంతులవారీగా పంచి, కట్టను కాచే బాధ్యత మాత్రం పంటలో వాటా పొందే నీరుగంటిది. నీరింకితే కొరమేను తడి బురదలో దాగి కొంతకాలం బతకగలదు గానీ, బొచ్చె, శీలావతి వంటి చేపలకు నిలువ నీరే ప్రాణాధారం. గొట్టపు బావులు పెరిగి నీరుగంటి వ్యవస్థ సడలిన నేడు, బెంగళూరులో శుద్ధి చేసిన మురుగునీటిని జిల్లాలోని కొన్ని చెరువులకు మళ్ళిస్తున్నప్పటికీ, అనుదినం కనిపెట్టుకొని ఉండే కాపరి లేనిదే ఏ చెరువూ నిలవదన్న సత్యాన్ని విస్మరించరాదు.