మార్లవాయి బడి: మన చదువుకు తొలి గడప

ఈనాడు జైనూరు, ఉట్నూరు ప్రాంతాల ఆశ్రమ పాఠశాలల్లో మన పిల్లలు పదో తరగతి దాకా చదువుతున్నారు. ఈ దారిలో తొలి అడుగు జైనూరు మండలంలోని చిన్న గూడెం మార్లవాయిలో పడింది.

1940లో జోడేఘాట్ దగ్గర కుమ్రం భీం అమరుడయ్యాక, గోండుల కష్టాలు తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో మనవాళ్ల మధ్యే ఉన్నారు. మనది గోండి, కచేరీ కాగితాలది ఉర్దూ. చదవడం రాకపోతే దున్నిన భూమి కూడా దక్కదని అప్పటి పెద్దలకు అనుభవమే నేర్పింది.

అందుకే 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. శిక్షణ పొందిన గోండు యువకులే పంతుళ్లయి గూడేల్లో బడులు నడిపారు. పిల్లవాడికి పంతులు మాట అర్థమైంది. తల్లిదండ్రులకు బడి మనదనిపించింది. ఆ చదువుతోనే కొందరు సర్కారు కొలువుల్లోకి వెళ్లారు.

హైదరాబాద్ సంస్థానం పోయాక బడులు పెరిగాయి గానీ గోండి చదువు నిలవలేదు. ఇంటి మాట బడి గడప బయటే ఆగిపోయింది.

1987లో కన్నుమూసిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. దాన్ని చూసి దండం పెట్టి వస్తే సరిపోదు. దండారికి హాస్టళ్ల నుంచి ఇంటికి వచ్చినప్పుడు పెద్దల పక్కన కూర్చుందాం. ఆనాటి చదువుల ముచ్చట్లు వారి నోట గోండిలోనే విని రాసిపెడదాం. పెద్దలు ఉండగానే ఆ పని చేద్దాం.