ఎర్రని ఉక్కుపై నల్లని పొలుసు

కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుమును దాగలిపై ఉంచి సమ్మెటతో కొట్టినపుడు నల్లని పెచ్చులు రాలుట మనలో పలువురు చూచియుందురు. వేడి ఇనుము గాలిలోని ఆక్సిజనుతో కలియుటచే ఏర్పడిన ఆక్సైడు పొర అది. దానినే పొలుసు అందము. ఉక్కు కర్మాగారములలో ఈ పొలుసు రూపమున ఎంతో లోహము నష్టమగును. అందుచే చాలకాలము దానిని వదిలించుకొనవలసిన మురికిగానే ఎంచిరి. కాని రోలర్ల నడుమ ఉక్కు ఎట్లు జారునో, రోలర్లు ఎంత త్వరగా అరుగునో నిర్ణయించుటలో ఈ పలుచని పొరకు పెద్ద పాత్ర కలదని క్రమముగా తెలియవచ్చినది.

1783లో ఇంగ్లండు దేశీయుడు హెన్రీ కోర్ట్, గాడులు గల రోలర్ల మధ్య వేడి ఇనుమును నడిపి కడ్డీలు చేయు పద్ధతికి పేటెంటు పొందెను. ఈ పనికి ఘర్షణ అత్యవసరము. తిరుగుచున్న రోలర్లు లోహమును లోనికి లాగుకొనునది ఘర్షణ వలననే. లోహము రోలరును తాకు కోణము యొక్క టాంజెంటు, ఘర్షణ గుణకమును మించరాదు. గుణకము 0.45 అయినచో ఆ కోణము సుమారు 24 డిగ్రీలు దాటరాదు. దాటినచో రోలర్లు తిరుగుచునే ఉండును గాని కడ్డీ లోనికి పోదు. ఘర్షణ మరీ హెచ్చైనను చిక్కే: యంత్రముపై భారము పెరుగును, రోలర్లు అరుగును.

1924లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున, ఆష్‌లండ్ పట్టణములో, జాన్ టైటస్ రూపొందించిన మిల్లు వెడల్పాటి ఉక్కురేకును వరుసగా నిలిపిన రోలర్ల గుండా ఎడతెగక నడిపెను. ఇట్టి మిల్లులలో ఒక రోలరు చెడినచో పని అంతయు నిలిచిపోవును. రేకుపై మచ్చ పడినచో సరకు చెల్లదు. కావున ఘర్షణను ముందుగా లెక్కగట్టుట అవసరమయ్యెను.

స్వీడను ఇంజనీరు ఎకెలుండ్ ఇందుకొక సులభమైన సూత్రమును చెప్పెను. సెంటిగ్రేడు ఉష్ణోగ్రతను 0.0005చే గుణించి, వచ్చినదానిని 1.05 నుండి తీసివేసినచో, ఉక్కు రోలర్లకు ఘర్షణ గుణకము వచ్చును. 1,000 డిగ్రీల వద్ద ఇది 0.55, 1,200 డిగ్రీల వద్ద 0.45. వేడి పెరిగిన కొలది లోహము మెత్తబడి రోలరుకు మరింత అంటుకొనవలెను గదా, ఘర్షణ తగ్గుటేమి అను సందేహము కలుగవచ్చును. దీనికి ముఖ్యమైన సమాధానము పొలుసులో కలదు.

పొలుసు పెరుగు తీరును జర్మనీలో గుస్టావ్ టామన్ 1920లో వివరించెను. పొర మందము కాలము యొక్క వర్గమూలమునకు అనులోమానుపాతమున ఉండును. అనగా మందము రెట్టింపగుటకు నాలుగు రెట్లు కాలము పట్టును. 1933లో కార్ల్ వాగ్నర్ దీని కారణము చూపెను. ఏర్పడిన పొర గుండా అయానులు ప్రయాణించిన గాని కొత్త ఆక్సైడు పుట్టదు. పొర మందమైన కొలది ప్రయాణము దీర్ఘమగును.

ఈ పొలుసులో మూడు పొరలు కలవు. ఉక్కును ఆనుకొని వుస్టైటు, నడుమ మాగ్నటైటు, పైన హెమటైటు. 700 డిగ్రీలకు పైన ఇవి సుమారు 95, 4, 1 వంతులుగా నుండును. చల్లగా నున్నపుడు హెమటైటు వుస్టైటు కంటె సుమారు మూడు రెట్లు కఠినము. మిక్కిలి వేడిలో వుస్టైటు మెత్తబడి, బండి ఇరుసునకు కందెనవలె రోలరుకు ఉపకరించును. చల్లబడిన పొలుసు పెళుసై విరిగి, ముక్కలు గరుకు ఇసుకవలె రోలరును గీయును. ఒకే పదార్థము, ఉష్ణోగ్రతను బట్టి మిత్రముగను శత్రువుగను మారుచున్నది.

1990 దశకమున ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయమున సెల్లర్స్ బృందము మరొక విషయము తేల్చెను. పొలుసు ఒకప్పుడు ఉక్కుతోపాటు సాగును, ఒకప్పుడు పగులును. పగిలినచో ఆ సందుల గుండా వేడి ఉక్కు పైకి వచ్చి రోలరును నేరుగా తాకును. పొలుసు ఉష్ణమును సరిగా ప్రసరింపనీయదు గనుక, అది లేనిచోట రోలరుకు వేడి అధికముగా సోకును. ప్రతి చుట్టునందు ఇట్లు వేడెక్కి, వెంటనే నీటితో చల్లబడుటచే రోలరు ఉపరితలము పగుళ్లు వారును. 1999లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయమునకు చెందిన మున్థర్, లెనార్డ్‌లు పొలుసు మందము పెరిగినపుడు ఘర్షణ తగ్గుచున్నదని ప్రకటించిరి.

అట్లని పొలుసును ఇష్టము వచ్చినట్లు పెరుగనీయరాదు. మందమైన పొలుసు రేకులోనికి నొక్కుకొనిపోయి మచ్చలు మిగుల్చును. అందుచే కొలిమిలో పెరిగిన పొలుసును 100 అట్మాస్ఫియర్లు మించిన ఒత్తిడి గల నీటిధారలతో ఊడగొట్టుదురు. అయినను కొన్ని క్షణములలోనే కొత్త పొర పుట్టును. రోలర్ల మధ్య నీరు చల్లి ఉష్ణోగ్రతను తగ్గించి దాని మందమును అదుపులో ఉంచుదురు. ఆనాడు పొలుసును పోగొట్టుటెట్లు అని మాత్రమే యోచించిరి. నేడు ఇంజనీరులు ఏ జత రోలర్ల వద్ద ఎంత పొలుసు ఉండనీయవలెనో కూడ లెక్కించుచున్నారు.