జియాలజిస్టు మాటకు సాక్షులు

జియాలజిస్టు చెప్పిన మాటను అడిగినవాడు అక్కడికక్కడే సరిచూసుకోలేడు. బొగ్గయినా, బంగారమైనా, నీళ్లయినా తవ్వితేనే తేలుతుంది. తేలేసరికి డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది. అందుకే ఈ వృత్తికి నీతి ప్రశ్న పుట్టుకతోనే వచ్చింది. తోటివాళ్ల సభలో నమూనాలు, పటాలు ముందుంచి ప్రశ్నలకు జవాబు చెప్పడమనే ఆచారానికి 1807లో ఏర్పడిన లండన్ జియలాజికల్ సొసైటీ గట్టి పునాది వేసింది.

తెలుగునాట అది ఆలస్యమైంది. ఆ లోటుకు మూల్యం ఎంతో సింగరేణి బొగ్గు గనుల తొలి చరిత్రలో కనిపిస్తుంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాడు. 1886లో తవ్వకం హక్కులు ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కాయి. బొగ్గు నిజమే, కింగ్ మాటా నిజమే. వాటాల బేరమే చెడిపోయింది. వాటాల్లో అత్యధిక భాగం హక్కులు సంపాదించిన మధ్యవర్తుల చేతుల్లోకే వెళ్లడం 1888లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ విచారణ దాకా వచ్చింది. భూమిలో ఉన్నదెంత, కాగితం మీద అమ్ముతున్నదెంత అని నిలదీయగల శాస్త్రజ్ఞుల సంఘం హైదరాబాద్ రాజ్యంలో అప్పటికి లేదు.

తర్వాత నిజాం ప్రభుత్వం సొంత భూగర్భ సర్వే పెట్టుకుంది. సి.వి. రామన్ శిష్యుడు సి. మహదేవన్ అందులో పనిచేసి, ఆపై ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్ర శాఖను నడిపించారు. 1958లో బెంగళూరులో జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. డి.ఎన్. వాడియా దాని తొలి అధ్యక్షుడు. 1964లో హైదరాబాద్‌లో ఇండియన్ జియోఫిజికల్ యూనియన్ వచ్చింది.

సభల అసలు విలువ పరీక్షకు నిలిచింది మాత్రం హిమాలయ శిలాజాల వివాదంలో. చండీగఢ్ ఆచార్యుడు విశ్వజిత్ గుప్తా హిమాలయాల్లో దొరికాయంటూ పాతికేళ్ల పాటు శిలాజాల మీద వందల పత్రాలు ప్రచురించాడు. వాటిలో కొన్ని మొరాకో, న్యూయార్క్ ప్రాంతాల్లో దొరికే శిలాజాలేనని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు జాన్ టాలెంట్ 1987లో కాల్గరీ సదస్సులో ఎత్తిచూపి, 1989లో ‘నేచర్’ పత్రికలో వివరంగా రాశాడు. సహ రచయితలుగా పేర్లు ఇచ్చినవారిలో చాలామంది ఆ చోట్లు చూడనే లేదు. చూడని చోటుకు సంతకం చేయకూడదన్న నియమం ఎంత ముఖ్యమో దేశంలోని జియాలజిస్టులకు ఈ సంఘటన చెప్పినంతగా మరేదీ చెప్పలేదు.

పసుపు పండించే జక్రాన్‌పల్లి, ఆర్మూర్ ప్రాంతాల్లో ఇదే నియమం బోరు దగ్గర వర్తిస్తుంది. పసుపు ఎనిమిది, తొమ్మిది నెలలు నేలలో ఉండే పంట. వానలు వెళ్లాక కూడా తడులు కావాలి. నేల కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. పైనున్న మొరం పొరలో ఊరిన నీటితో ఒకప్పుడు మోటబావులు నడిచాయి. ఆ పొర ఎండితే నీళ్లు మిగిలేది రాతి పగుళ్లలోనే. రైతు కొబ్బరికాయ పట్టి నీటి జాడ చెప్పేవాణ్ణి పిలుస్తాడు, నేలలోకి కరెంటు పంపి రాతి నిరోధాన్ని కొలిచే జియాలజిస్టునూ పిలుస్తాడు. ఇద్దరూ బోరుకు పాయింటు పెడతారు. అయితే జియాలజిస్టు కొలతలు కాగితం మీద ఉంటాయి, మరొకరు తిరిగి చూడవచ్చు. రిగ్గు యజమాని దగ్గర కమీషన్ తీసుకుంటే, నీళ్లు పడవని తెలిసీ ‘ఇక్కడ వద్దు’ అని చెప్పకపోతే, ఆ తేడా చెరిగిపోతుంది. రిగ్గుల నమోదును, బోరుకు ముందస్తు అనుమతిని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం తెచ్చింది. పాయింటు పెట్టేవాడి నిజాయితీని తూచే పని ఇప్పటికీ వృత్తి సంఘాలదే.

సదస్సుల్లో నీళ్లు పడ్డ బోర్ల గురించి చదివినంత ఇష్టంగా ఫెయిలైన పాయింట్ల కొలతలనూ చదవాలి. అప్పు చేసి వేయించిన ఎండు బోరు నుంచి వచ్చిన సమాచారం పక్క చేను రైతుకైనా అందాలి.