కుకీ

బేకరీ కుకీకి మూలం డచ్ భాషలో చిన్న కేకు అనే అర్థమున్న మాట. బ్రౌజర్ కుకీ మాత్రం నేరుగా బేకరీ నుంచి రాలేదు. యూనిక్స్ ప్రోగ్రామర్లు 'మ్యాజిక్ కుకీ' అనేవారు: ఒక ప్రోగ్రాం ఇంకోదాని చేతికిచ్చే చిన్న డేటా ముక్క. పుచ్చుకున్నదానికి అందులో ఏముందో అనవసరం, అడిగినప్పుడు ఉన్నదున్నట్టు తిరిగిస్తే చాలు. గుడి దగ్గర చెప్పుల స్టాండు టోకెన్ లాంటిదన్నమాట. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటుల్లి ఆ పేరును వెబ్‌లోకి తెచ్చాడు.

టోకెన్ ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వాళ్లవే. చిక్కంతా అక్కడే. లాగిన్ అయ్యాక సర్వర్ 'సెట్-కుకీ' హెడర్‌లో సెషన్ ఐడీ పంపుతుంది. అది దొంగకు దొరికితే వాడికి పాస్‌వర్డ్‌తో పనే లేదు. అందుకే ఆ హెడర్ వరుస చివర కొన్ని మాటలు తగిలిస్తారు. 'సెక్యూర్' అంటే హెచ్‌టీటీపీఎస్ మీద తప్ప పంపొద్దని. వేరే సైటు నుంచి పుట్టిన రిక్వెస్టుతో కుకీ వెళ్లాలా వద్దా అన్నది 'సేమ్‌సైట్' తేలుస్తుంది.

నన్నడిగితే వీటిలో అసలు తికమక పేరు 'హెచ్‌టీటీపీ ఓన్లీ'. హెచ్‌టీటీపీఎస్ వద్దన్నట్టు వినిపిస్తుంది గానీ, పేజీలోని జావాస్క్రిప్ట్ కంట ఈ కుకీ పడకూడదని దాని భావం. దీన్ని 2002లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 సర్వీస్ ప్యాక్ 1తో తెచ్చింది.

పీహెచ్‌పీలో 'సెట్‌కుకీ' ఫంక్షన్ ఇవేవీ తనంతట తాను పెట్టదు, మనమే రాయాలి. 7.3 వెర్షన్ నుంచి సేమ్‌సైట్‌తో సహా అన్నీ ఒకే అర్రేలో ఇవ్వొచ్చు.