అయిదు వేళ్ళు చాచిన మధ్యస్థుడు

పదిమంది కూడినచోట తగవు సహజం. దానిని తీర్చడానికి ఒక పెద్దను నియమించుకొంటాము. అయితే ఆ పెద్దరికమే తగవుకు మూలమైతే ఏమి గతి? ఈ ప్రశ్నకు వెయ్యేండ్లకు పూర్వమే ఒక గ్రామసభ సమాధానం ఆలోచించి, రాతిమీద చెక్కించింది.

తమిళనాట కాంచీపురం జిల్లాలో ఉత్తరమేరూరు అనే ఊరున్నది. అక్కడి వైకుంఠ పెరుమాళ్ ఆలయంలో చోళరాజైన మొదటి పరాంతకుని కాలపు శాసనాలు రెండున్నవి. ఒకటి క్రీ.శ. 919 నాటిది, రెండవది 921 నాటిది. చెరువు, తోటలు, బంగారం మొదలైన వ్యవహారాలు చూచే వారియములకు, అనగా ఉపసంఘాలకు, సభ్యులను ఎన్నుకొనే విధానం వాటిలో ఉన్నది.

గ్రామం 30 కుడుంబులుగా విభజింపబడింది. ప్రతి కుడుంబులోను అర్హులైనవారి పేర్లు చీటీలపై వ్రాసి, కట్టగట్టి కుండలో వేసేవారు. ఆబాలవృద్ధం కూడిన సభలో వయోవృద్ధుడైన అర్చకుడు ఆ కుండను అందరికీ కనబడేటట్లు పైకెత్తి పట్టేవాడు. లోపల ఏమున్నదో ఎరుగని బాలుడు ఒక కట్ట తీసేవాడు. దానిని వేరొక కుండలో వేసి కలిపి, ఆ బాలునిచేతనే ఒక చీటీ తీయించేవారు. మధ్యస్థుడు అయిదు వేళ్ళు చాచి, తెరచిన అరచేతితో ఆ చీటీని అందుకొని చదివేవాడు. పిమ్మట అక్కడున్న అర్చకులందరూ దానిని చదివేవారు. అప్పటికిగాని ఆ పేరు ఖాయమయ్యేది కాదు.

మధ్యస్థుడు యోగ్యుడేనని సభ నమ్మి ఉండవచ్చు. అయినా కేవలం ఆ నమ్మకం మీదనే ఆధారపడలేదు.

ఎన్నికైనవారికి గడువు 360 దినాలు. గత మూడేండ్లలో పదవి చేసినవారికి మళ్ళీ అర్హత లేదు. పూర్వం పదవిలో ఉండి లెక్కలు అప్పగించనివారికీ, వారి దగ్గరి బంధువులకూ అసలే లేదు. తప్పు చేసినట్లు తేలినవానిని తక్షణమే తొలగించేవారు. లెక్కలు వ్రాసే కరణానికీ ఇదే కట్టుబాటు. పాత లెక్క ఒప్పచెప్పనిదే మళ్ళీ కొలువు లేదు.

మరొక విశేషం. 919లో సభ్యుల వయస్సు 30 మొదలు 60 వరకు అన్నారు. రెండేండ్లకే దానిని 35 మొదలు 70కి మార్చినారు. తమ నియమాన్ని మార్చవలెనని తోచినప్పుడు, ఆ మార్పును కూడా బాహాటంగా రాతికెక్కించినారు.

అయితే ఈ న్యాయానికి గల ఎల్లను కూడా చెప్పుకోవాలి. పన్ను కట్టే భూమి, సొంత ఇల్లు, వేదాధ్యయనం ఉన్నవారికే చీటీ. చెరువుకట్టకు మట్టి మోసిన కూలివాని పేరు ఆ కుండలో పడే వీలు లేదు. లోపలివారి మధ్య అంత జాగ్రత్తగా పాటించిన సమత్వం బయటివారికి అందలేదు.

శ్రోతలారా, రేపు మీ ఊరి గ్రంథాలయానికో, సహకార సంఘానికో మీరే అధ్యక్షులు కావచ్చు. పాత లెక్క ఏదని, గడువు ఎన్నడని, ఎవరి పేరు చేర్చలేదని ఎవరైనా అడిగితే కోపగించకండి. మొదటి రెండు ప్రశ్నలూ ఉత్తరమేరూరు సభ తన పెద్దలను అడిగినవే. మూడవది అది అడగక విడిచినది; దానిని అడగవలసినవారము మనము.