రేల కాని రేల: లబర్నమ్ చెట్టు, దాని పేరు

మే నెలాఖరులో ఉత్తర వేల్స్‌లోని కాన్వీ లోయకు వచ్చే సందర్శకులలో చాలామంది ఒకే ఒక్క దృశ్యం కోసం వస్తారు. బాడ్నంట్ తోటలో 55 మీటర్ల పొడవున, కమాను ఆకారంలో వంచి కట్టిన పందిరి ఒకటి ఉంది. దాని మీద నుండి తలలకు తగిలేంత కిందికి పసుపుపచ్చని పూలగుత్తులు వేలాడుతుంటాయి. మూడు వారాలకు మించి నిలవని ఈ వైభవాన్ని చూసిన తెలుగువారికి వెంటనే గుర్తుకు వచ్చేది రేల చెట్టు. వేసవిలో ఆకు రాల్చి, కొమ్మకొమ్మకూ పసుపు గుత్తులు వేసే ఆ చెట్టును ఎరిగినవారు లబర్నమ్‌ను చూసి రేల అనుకోవడంలో వింత లేదు. భారతదేశానికి వచ్చిన ఇంగ్లీషువారూ ఇదే పొరపాటును అటువైపు నుండి చేశారు. స్వదేశపు తోటల్లోని లబర్నమ్‌ను తలచుకొని, రేలకు ‘ఇండియన్ లబర్నమ్’ అని పేరు పెట్టారు. ఆ పేరు ఇప్పటికీ వృక్షశాస్త్ర గ్రంథాల్లోను, ఉద్యానవనాల్లో చెట్లకు తగిలించే పలకల మీదను కనిపిస్తుంది. అయితే రేలకాయ గుజ్జు శతాబ్దాలుగా మందు. లబర్నమ్ కాయ విషం. ఈ రెండూ ఒకే పేరు కిందికి ఎలా చేరాయన్నది తోటల చరిత్రలో చిన్న విషయమే కావచ్చు గాని, పిల్లలున్న ఇంటివారికి అంత చిన్నది కాదు.

లబర్నమ్ స్వస్థలం బ్రిటన్ కాదు. దక్షిణ, మధ్య యూరపు కొండ ప్రాంతాలు, ముఖ్యంగా ఆల్ప్స్ పర్వత సానువులు, దాని పుట్టిల్లు. క్రీ.శ. మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ తన ‘ప్రకృతి చరిత్ర’లో దీన్ని పేర్కొన్నాడు. ఇది ఆల్ప్స్ చెట్టు, జనానికి అంతగా తెలియదు, కలప గట్టిది, పూలగుత్తి మూరెడు పొడవుంటుంది, తేనెటీగలు దాన్ని ముట్టవు అన్నది ఆయన ఇచ్చిన సమాచారం. చివరి మాట నిజం కాదు. మే నెలలో పూసిన లబర్నమ్ కింద కాసేపు నిలబడితే తుమ్మెదల రొద వినిపిస్తుంది. ఆయన ఆ చెట్టును స్వయంగా చూసి రాశాడా అన్న సందేహం ఇక్కడే కలుగుతుంది.

ఇంగ్లండు తోటల్లోకి ఇది 16వ శతాబ్దంలో వచ్చింది. లండన్‌లోని హోబర్న్‌లో తోట పెంచిన జాన్ జెరార్డ్ 1597లో ప్రచురించిన మూలికా గ్రంథంలో దీన్ని వర్ణించాడు. విశేషమేమిటంటే రేల కూడా ఆ పుస్తకంలోనే ఉంది. కాని జెరార్డ్‌కు అది పూల చెట్టుగా తెలియదు. మందుల దుకాణంలో దొరికే పొడుగాటి నల్లని కాయగా తెలుసు. దానికి ఆయన వాడిన ఇంగ్లీషు పేరు ‘పుడింగ్ పైప్’. పుడింగ్ అంటే ఆ రోజుల్లో పేగులో కూరి వండే తినుబండారం కనుక, కాయ ఆకారాన్ని బట్టి వచ్చిన పేరన్నమాట. అరబ్బు వైద్యుల ద్వారా, ఈజిప్టు మీదుగా యూరపు చేరిన ఈ కాయ గుజ్జు అక్కడ సుఖ విరేచనానికి వాడే పేరున్న ఔషధం. ఒకే గ్రంథంలో, వేరువేరు అధ్యాయాల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చెట్లుగా ఇవి పాఠకుల ముందుకు వచ్చాయి. 1753లో లినేయస్ కూడా వీటిని రెండు వేరు ప్రజాతుల్లోనే ఉంచాడు. పేర్లు కలిసిపోయింది ఆ తరవాత, పండితుల చేతుల్లో కాదు, పూలను దూరం నుండి చూసినవారి నోళ్ళలో.

దగ్గరగా చూస్తే పోలిక నిలవదు. రెండూ చిక్కుడు కుటుంబానివే అయినా ఉపకుటుంబాలు వేరు. లబర్నమ్ పువ్వు బఠాణీ పువ్వులా ముడుచుకొని ఉంటుంది. రేల పువ్వు ఐదు రేకులూ విప్పి, వంపు తిరిగిన పొడుగు కేసరాలతో నోరు తెరిచినట్టుంటుంది. లబర్నమ్ ఆకుకు మూడే చిట్టి ఆకులు. రేల ఆకులో ఈనెకు ఇరువైపులా జంటలు జంటలుగా పెద్ద ఆకులుంటాయి. లబర్నమ్ మంచుకు తట్టుకుంటుంది, మైదానాల మండుటెండకు ఓర్వదు. రేల సంగతి ఇందుకు సరిగ్గా విరుద్ధం. కోరమాండల్ తీరంలోనో దక్కనులోనో కొలువు చేసిన ఇంగ్లీషువాడు తన ఇంటిముందటి చెట్టును తెచ్చి ఇక్కడ నాటుకొనే వీలు లేదు. తెచ్చుకోగలిగింది పేరునే.

ఇంతకూ స్వదేశంలో ఆ చెట్టుకు అంత మన్నన ఎలా దక్కింది? మొదట్లో దాన్ని పూలకోసమే కాదు, చేవ కోసం కూడా పెంచారు. చేవ ముదురు గోధుమ రంగు, చుట్టూ ఉండే లేత కలప పసుపు. కొమ్మలను అడ్డంగా కోసి, ఆ బిళ్ళలను అల్మరాల మీద పొదిగితే ఆలుచిప్పల వరుసలా కనిపిస్తుంది. 17వ శతాబ్దం చివర ఇంగ్లీషు సంపన్నుల ఇళ్ళలో ఈ పనితనానికి గిరాకీ ఉండేది. ఫ్రెంచివారు ఈ చెట్టును దొంగ నల్లచేవమాను అన్న అర్థం వచ్చే పేరుతో పిలవడానికి కారణం ఇదే. స్కాట్లండులో బ్యాగ్‌పైపుల తయారీకీ ఈ కలపను వాడారు.

19వ శతాబ్దంలో లబర్నమ్ మీదికి శాస్త్రజ్ఞుల చూపు మళ్ళింది. 1825లో పారిస్ సమీపంలోని వీట్రీలో ఆడమ్ అనే నర్సరీ యజమాని లబర్నమ్ మొదలు మీద ఊదాపూల సిటిసస్ పొదను అంటు కట్టాడు. అతికిన చోట నుండి మొలిచిన ఒక కొమ్మ రెండింటికీ చెందకుండా మాసిన గులాబీ రంగు పూలు పూసింది. దాని నుండి పెంచిన చెట్లు మరీ విడ్డూరం: ఒకే చెట్టుకు ఒక కొమ్మన పసుపు పూలు, ఒక కొమ్మన ఊదా పూలు, తక్కినచోట్ల గులాబీ పూలు. అంటు కట్టడం వల్ల సంకరం పుడుతుందా అన్న ప్రశ్న డార్విన్‌ను సైతం వేధించింది. 1868లో వెలువడిన గ్రంథంలో ఆయన ఈ చెట్టును వివరంగా చర్చించాడు. సమాధానం 20వ శతాబ్దం తొలి దశకంలో జర్మన్ శాస్త్రజ్ఞులు వింక్లర్, బౌర్‌ల పరిశోధనలతో తేలింది. ఇది సంకరం కాదు. లోపలి కండ లబర్నమ్‌ది, పైన కప్పిన ఒక్క కణం మందపు చర్మం సిటిసస్‌ది. రెండు జీవులు కలవకుండానే ఒకే ఒంట్లో కాపురం చేస్తున్నాయి. ఈ చెట్టును ఇప్పటికీ కొన్ని తోటల్లో చూడవచ్చు. అందమైనదని మాత్రం చెప్పడం కష్టం.

బాడ్నంట్ పందిరి ఈ కాలానికే చెందుతుంది. దాన్ని 1880లో వేయించిన హెన్రీ పోచిన్ జమీందారీ వంశంలో పుట్టినవాడు కాదు, రసాయన పరిశ్రమలో గడించినవాడు. సబ్బు తయారీలో వాడే రాలను శుద్ధిచేసే పద్ధతి కనిపెట్టి, గోధుమరంగు సబ్బును తెల్లబరిచినవాడిగా ఆయనకు పేరు. 1874లో ఎస్టేటు కొని, లబర్నమ్‌లను రెండు వరుసలుగా నాటించి, కొమ్మలను ఇనుప కమానులకు కట్టించాడు. స్వేచ్ఛగా పెరిగితే గుత్తులు ఆకుల్లో చెదిరిపోయే చెట్టును ఏటా చలికాలంలో కత్తిరించి, కొత్త కొమ్మలను వంచి కడితేనే ఆ పసుపు గొట్టం తయారవుతుంది. చూసేవారికి మూడు వారాల పండుగ, తోటమాలులకు ఏటేటా చాకిరీ. ఆయన వారసులు 1949లో ఆ తోటను నేషనల్ ట్రస్టుకు అప్పగించారు. గ్లాస్టర్‌షైర్‌లోని బార్న్‌స్లీ హౌస్‌లో రోజ్‌మెరీ వీరీ 1960ల తరవాత పెంచిన చిన్న లబర్నమ్ బాటకు కూడా, కింద ఊదారంగు ఉల్లిజాతి పూలతో కలిపి, గొప్ప పేరే వచ్చింది.

పెద్ద తోటల నుండి లబర్నమ్ శివారు వాడల ముంగిళ్ళలోకి దిగింది. రెండు ప్రపంచయుద్ధాల నడుమ ఇంగ్లండులో వెలసిన మధ్యతరగతి ఇళ్ళముందు ఇది ఎంత సర్వసాధారణమో చెప్పడానికి ప్రీస్ట్‌లీ 1933 నాటి నాటకం పేరు చాలు: ‘లబర్నమ్ గ్రోవ్’. ఆ వీధిలోని నిదానస్థుడైన గృహస్థు దొంగనోట్ల వ్యవహారంలో భాగస్థుడన్నది కథ. ముచ్చటైన చెట్టులో దాగిన ముప్పును దాఫ్నీ దు మోరియే 1951లో ‘మై కజిన్ రేచల్’ నవలలో మరింత సూటిగా వాడుకుంది. అందులో హత్యానుమానం లబర్నమ్ గింజల చుట్టూ తిరుగుతుంది.

ఆ విషం సిటిసిన్ అనే ఆల్కలాయిడ్. చెట్టంతటా ఉంటుంది, గింజల్లో ఎక్కువ. శరీరంలో నికోటిన్ పనిచేసే చోటనే ఇదీ పనిచేస్తుంది. ఆకుపచ్చ కాయలను పిల్లలు బఠాణీలనుకొని నమలడం, తల్లిదండ్రులు హడలిపోయి ఆసుపత్రికి పరుగెత్తడం బ్రిటన్‌లో ఒకప్పుడు ఏటేటా జరిగేది. వాంతులతో తేలిపోయినవే ఎక్కువనీ, ఈ భయం అతిశయమనీ వాదించిన వైద్యులూ ఉన్నారు. ఇవాళ నర్సరీలు ఎక్కువగా అమ్మే ‘వోసై’ అన్న సంకర రకం పొడుగు గుత్తులు వేస్తుంది, కాయలు చాలా తక్కువగా కాస్తుంది. తోటలవాళ్ళు కనుగొన్న ఈ పరిష్కారం వైద్యుల వాదాలకన్నా ఎక్కువ ఉపకారం చేసింది. అదే సిటిసిన్‌ను బల్గేరియాలో 1964 నుండి పొగతాగడం మాన్పించే మాత్రగా వాడుతున్నారు. దాని అణువును ఆధారం చేసుకొని రూపొందిన వరెనిక్లీన్‌కు అమెరికాలో 2006లో అనుమతి లభించింది. విషపు చెట్టుగానే తెలిసిన బ్రిటన్‌లో సిటిసిన్ మాత్రలు 2024లో మందుల షాపులకు వచ్చాయి. శుద్ధిచేసి, కొలిచి ఇచ్చే మాత్ర వేరు, పెరట్లోని కాయ వేరు అని చెప్పనక్కరలేదు.

రేలకు పేర్ల కొరత ఎన్నడూ లేదు. అమరకోశం ఆరగ్వధం, రాజవృక్షం, కృతమాలం, సువర్ణకం అంటూ వరుసగా ఇస్తుంది. వాటిలో వ్యాధిఘాతం అన్నది రోగాన్ని పోగొట్టేదని చెప్పకనే చెబుతుంది. పసివాళ్ళకు సైతం ఇవ్వదగిన మృదు విరేచనంగా ఆయుర్వేదం దీని గుజ్జును ఎంచింది. ‘ఇండియన్ లబర్నమ్’ అన్న పేరులో ఈ జ్ఞానానికి చోటు లేదు. పువ్వు రంగు ఒక్కటే మిగిలింది. మలేసియాలో, మారిషస్‌లో, ఫ్లోరిడాలో స్థిరపడ్డవారికి ఈ చిక్కు అంతగా లేదు. అక్కడి వీధుల్లో పూసేది అసలు రేలే. బ్రిటన్‌లో, వాంకూవర్, సియాటిల్ ప్రాంతాల్లో ఉన్నవారు చూసేది లబర్నమ్‌ను. ఊరి నుండి వచ్చిన నాయనమ్మ పెరట్లో ఆ పూలను చూసి మురిసి, మలబద్ధకానికి కాయ గుజ్జు మంచిదని గుర్తుచేసుకుంటే, ఆ మాట ఆమె ఎరిగిన చెట్టు విషయంలో అక్షరాలా నిజం, కళ్ళెదుట ఉన్న చెట్టు విషయంలో ప్రమాదం.

తేడా తెలుసుకోవాలంటే పూలు రాలేదాకా ఆగాలి. ఆగస్టు నాటికి లబర్నమ్‌కు బొటనవేలంత పొడవున్న పలచని చిక్కుడు లాంటి కాయలు గుత్తులుగా వేలాడతాయి. అవి ఎండి పగిలి నల్లని గింజలను రాలుస్తాయి. రేల కాయ మూరెడు పొడవున, వేలి లావున, గుండ్రంగా, నల్లగా ఉంటుంది. లోపల అడ్డ పొరల మధ్య గదికొక గింజ, దాని చుట్టూ తియ్యని నల్లటి గుజ్జు. ఎండిన తరవాత ఊపితే గలగలమంటుంది.